ఆసిడ్ తొట్టి మీద కొక్కెం

నటేశన్ నగర్, పుదుచ్చేరి
2 సెప్టెంబరు 2024

అంబుజం అక్కకు,

ఒక వస్తువు ఆగుతుందని చెప్పడానికి దాన్ని ఎంత కాలం చూస్తే చాలు? ఎమ్మెస్సీలో లోహాల తుప్పు గురించి పాఠం చెప్పిన మాస్టారిని ఒకసారి ఇదే అడిగాను. ఆయన నవ్వి, "పరీక్షలో రాదమ్మా, వదిలెయ్" అన్నారు. అది నన్ను వదల్లేదు. ఇప్పుడు నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ నా ముందుకొచ్చి కూర్చుంది.

నీకు చెవులు వినిపించడం మానేశాక మన ఫోను మాటలు నా అరుపులూ నీ "ఆఁ?"లూ మాత్రమే అయ్యాయి. ఉత్తరాలే నయం. పైగా ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. పెళ్లికి ముందు నువ్వు మురుంగపాక్కంలో వేసవి సెలవల్లో నా చేత పలక మీద దిద్దించిన అక్షరాలు నాకిప్పుడు తలుపున్న గది.

సంగతి చెప్తాను. విల్లియనూరు రోడ్డులో మా బావగారి షెడ్డు నీకు తెలుసు. బోల్టులు, కంచె కొక్కేలు, పడవ సామాన్లు తెచ్చి ఆసిడ్‌లో ముంచి తుప్పు పోగొట్టి, ఆ తరవాత జింకు పూత వేస్తారు. నేను పాఠాలు చెప్పే కాలేజీ మూతపడ్డాక ఆసిడ్ పాళ్లు చూసే పని నాకొచ్చింది. సామాన్లు గంపలో వేసి, గంపను కొక్కేనికి తగిలించి, వేడి ఆసిడ్ తొట్టిలోకి దించుతారు. గంప పైకి లేచేటప్పుడు పనివాడు కదిరవన్ తొట్టి పక్కన మెట్టు మీద నిలబడి దాన్ని చేత్తో తిప్పుతాడు. మామూలు ఇనప కొక్కెం కొంచెం కొంచెంగా సన్నబడుతుంది. సన్నబడ్డం కనిపిస్తుంది, మార్చేస్తాం. ఎండాకాలంలో బావగారు మార్చి మార్చి విసిగి, లారీ సామాన్ల కొట్లోంచి గట్టి ఉక్కు కొక్కెం తెచ్చి వేశారు. దాని మీద గీత కూడా పడలేదు. ఒకరోజు పుల్ల విరిగినట్టు విరిగింది. ఆసిడ్‌లో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి లోపల పెళుసు చేస్తుంది, పైకి తెలియదు. గంప తొట్టిలో పడి ఆసిడ్ ఎగిరింది. కదిరవన్ మెడ మీద ఇప్పటికీ మచ్చ ఉంది. ఇంకో జానెడు పైకి ఎగిరి ఉంటే కళ్లు పోయేవి.

ఇప్పుడు కొక్కేనికి ఏ లోహం వాడాలో నేను చెప్పాలట. బావగారు పురుషోత్తమన్ అన్నదేమిటంటే: "ఎవర్‌సిల్వర్ వేస్తే యాడకు పోతాది? అమ్మ పెండ్లినాటి సొంబు ఇంకా మెరస్తానే ఉండాది గదా!" స్టీలు సొంబులో మజ్జిగ పోస్తారు బావా, ఈ ఆసిడ్ పొయ్యరు, అన్నాను. ఇంకొకటి, నికెల్ ఎక్కువగా కలిసిన లోహం. అమ్మేవాళ్ల కాగితాలన్నీ దాన్ని పొగుడుతున్నాయి. కానీ వాళ్లు పరీక్ష చేసేది కొత్త ఆసిడ్‌లో. మా తొట్టిలో ఇనుము కరిగి కరిగి ఆసిడ్ రంగే మారిపోయింది. కొత్తదానిలో చెక్కుచెదరని లోహాన్ని ఈ పాతది తినేస్తుంది. తింటుందా, ఎంత తింటుంది అన్నది చూడాలి.

అందుకే మామూలు ఇనుము, ఎవర్‌సిల్వర్, నికెల్ లోహం, ఒక్కోదానిది ఒక్కో బిళ్ల కోయించి, తూకం వేసి, ప్లాస్టిక్ తాడుతో ఆ తొట్టిలోనే వేలాడదీశాను. నాలుగు నెలలైనా ఉంచాలి. అందాకా పాత పద్ధతిలో ఇనప కొక్కేలే. అత్త రోజూ అడుగుతోంది, ఏంది ఆ బిళ్లలు అని. కదిరవన్ ప్రాణం వాటి మీదే ఉంది అత్తా, అన్నాను.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మా పిల్ల ఆర్తిని కాలేజీ హాస్టల్లో దించి వచ్చాం. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది, కానీ కిటికీలు మాత్రం అన్నీ పక్కింటి గోడకే తెరుచుకుంటాయి.

మరగతం

~

చిత్తూరు
15 సెప్టెంబరు 2024

ఒసే మరగతం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివితిని. మోకాళ్లు ఉన్నచోటే ఉన్నాయి, నేనే వాటితో కదలడం లేదు. చెవి మిషను కొత్తది కొన్నారు. అది పెట్టుకుంటే పక్కింటి మిక్సీ తప్ప మరేమీ వినపడదు. తీసి పప్పు డబ్బాలో పెట్టినాను.

ఇక నీ సంగతి. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని, నాకు నువ్వు కొక్కెం కథ చెప్తావా? "ఎంత కాలం చూస్తే చాలు" అన్న మాట కొక్కెం గురించి కాదని నాకు తెలుసులే. ఆ షెడ్డులో ఆసిడ్ పొగ పీలుస్తా, బావ చెప్పినదానికి తల ఊపుతా, మొగుడు పదిమాటలకొక మాట మాట్లాడే ఇంట్లో నువ్వు ఆగుతావా లేదా అని అడుగుతున్నావు. ఉత్తరం చివర కిటికీలు పక్కింటి గోడకు తెరుచుకుంటాయి అని ఊరికే రాస్తావా?

నా దగ్గర చదువుకున్న పిల్లవాడు సుబ్బరాయలు ఇప్పుడు ఇక్కడొక ఇంజనీరింగు కాలేజీ నడుపుతున్నాడు. కెమిస్ట్రీ చెప్పేవాళ్లు కావాలంట. నీ గురించి చెప్పినాను. జనవరిలో చేరొచ్చు అన్నాడు. మా మేడ మీద గది ఖాళీగా ఉంది. పిల్ల హాస్టల్లో ఉంది, మొగుడు రంగరాజన్‌కు బస్సు డిపోలో ఉద్యోగం ఉంది, వాడి వంట వాడు నేర్చుకుంటాడు, నేరం కాదు. ఆలోచించు అనను. నువ్వు ఆలోచిస్తే ఏడాది పడుతుంది. రా.

నీ అంబుజం అక్క

~

నటేశన్ నగర్
14 అక్టోబరు 2024

అక్కా,

నేను కొక్కెం గురించే అడిగాను. నువ్వు అలా చదివినందుకు ఒక పూట కోపంగా ఉన్నాను. కాలేజీ సంగతి మాత్రం మనసులోంచి పోలేదు. బ్లాక్‌బోర్డు ముందు నిలబడి చాలా కాలమైంది. సుబ్బరాయలు గారికి ఇప్పుడే మాట ఇవ్వకు. బిళ్లల సంగతి తేలకుండా నేను కదల్లేను. ఈ పని సగంలో ఇంకొకరికి అప్పగించేది కాదు.

అది ఇప్పుడు తేలేలా లేదు. మొన్న ఆయుధ పూజ అయింది. షెడ్డులో ఉన్న సుత్తి, పట్టకారు, మోటారు, తక్కెడ అన్నీ కడిగి బొట్లు పెట్టడం మామూలే. నేను ఇంట్లో శనగలతో సుండలు తాలింపు వేసి, గిన్నె పట్టుకుని ఆటోలో వెళ్లేసరికి పూజ మొదలైపోయింది. అమ్మవారి పటం ముందు అరటాకు మీద మధ్యన నా బిళ్లలు. గంధం, కుంకుమ, ఒక్కోదాని మీద ఒక్కో చామంతి. మూడూ అద్దాల్లా మెరుస్తున్నాయి.

కదిరవన్ నా మొహం చూసి పొంగిపోయాడు. అతను తమిళంలో అన్నది ఇది: "చింతపండుతో రాలేదక్కా. పాలిష్ చక్రం మీద పెట్టి పట్టినా పట్టినా! ఇప్పుడు చూడండి, పెండ్లికూతుర్ల మాదిరి ఉండారు ముగ్గురూ."

"ఎవరు చెప్పారు పట్టమని?"

"నేనే చెప్తి," అంది అత్త. "వీని ప్రాణం వాట్ల మీదనే ఉండాదని నువ్వు చెప్పలే? అట్టాంటివి ఆసిడ్‌లో మురికిగా యాలాడ్తా ఉంటే ఎట్టమ్మే? సామి చేతిలో పెట్టాల గదా. ఎవర్‌సిల్వర్ది సగం కరిగిపోయి, పల్లు ఊడినట్టు ఉండె. చెడిపోయిన వస్తువు సామి ముందర పెట్టకూడదు. అది పారేసి, అదే రేకులో కొత్తది కోసి పెట్టినాము. పూజ అయినాక మళ్లా తొట్టిలో కట్టేస్తాడు, నీ పని యాడికీ పోదు."

అక్కా, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎంత తరిగిందో తూకంతోనే తెలియాలి. ఆసిడ్ తిన్నదెంతో చక్రం తిన్నదెంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అంతకంటే ముఖ్యం, నికెల్ బిళ్ల మీద తాడు ముడి కింద సూదిమొన అంత గుంటలు మొదలవుతున్నాయేమోనని నాకు అనుమానం ఉండేది. పూజకు ముందు వారం కళ్లద్దాలు పెట్టుకుని చూశాను కూడా. మరకా, గుంటా అన్నది తేలలేదు. ఇంకొన్నాళ్లు ఉంచి చూద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ చోటంతా నున్నగా ఉంది.

బావగారు హారతి కళ్లకద్దుకుని బిళ్లలు చేత్తో తిప్పి చూశారు. "ఏంది మరగతం, ఎవర్‌సిల్వర్ కూడా ఆగినట్టుందే!" అది కొత్త ముక్క అని చెప్పాను. "సరి, నికెల్ది కొత్తది కాదు గదా? గీత ఉండాదా దాని మీద? దాంట్లోనే కొక్కేలు చేయిస్తాము."

పరీక్ష పాడైందని అక్కడ అనలేకపోయాను. అంటే అత్త పూజ పాడు చేసిందని అన్నట్టే. కదిరవన్‌కు దెబ్బ తగిలిన రోజు ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు. వాడి కోసమే పెట్టింది. ఇంకో నాలుగు నెలలు గడువు కావాలని, వానాకాలం తేమలో కూడా చూడాలని ఏదో సాకు చెప్పాను. బావగారు సగం ఒప్పుకున్నారు. అత్తతో మెల్లగా, ఆమె మనసు నొవ్వకుండా నేనే చెప్పుకుంటాను. ఈ సంగతి నీ దగ్గరే ఉంచు.

మరగతం

~

చిత్తూరు
17 అక్టోబరు 2024

మరగతానికి,

నీ దగ్గర్నించి జవాబు లేదు. నెల దాటింది. కాలేజీ మాట ఎత్తినందుకు అలిగినావా, లేక ఆ ఇంట్లో నా ఉత్తరం నీ చేతికి ఇవ్వలేదా? నాకు నిద్ర పట్టక నిన్న మీ ఆర్తికి మెసేజి పెట్టించినాను. ఆ పిల్ల హాస్టల్‌కు వాళ్ల అవ్వ ఫోను చేసి చెప్పిందంట, పూజలో అమ్మ బిళ్లలు పెట్టినామని, అమ్మ మొహం మాడ్చుకుందని. ఆ పిల్ల నవ్వుకుంటా రాసింది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు నోరు తెరవవని నాకు తెలుసు. చిన్నప్పుడు కాలికి మేకు గుచ్చుకుంటే సాయంత్రం దాకా చెప్పనిదానివి. అందుకని నేనే మీ అత్త జయమ్మాళ్ గారికి తమిళంలో ఒక ఉత్తరం రాసి పోస్టు చేసినాను. మర్యాదగానే రాసినాను. మా చెల్లెలు చేసే పరీక్షలో చెయ్యి పెట్టకండి, అది పూజ సామాను కాదు, ఒక మనిషి కళ్లు పోయే పని, అని. మీ కోడలు మీతో చెప్పలేక లోపల కుమిలిపోతోంది అని కూడా రాసినాను. పెద్దదాన్ని, ఆ మాత్రం చెప్పే హక్కు నాకుంది.

ఈసారైనా జవాబు రాయి.

అంబుజం

~

నటేశన్ నగర్
9 నవంబరు 2024

అక్కా,

నా ఉత్తరమూ నీదీ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది రెండు రోజులు ముందు చేరి ఉంటే నువ్వు రాసేదానివి కావు. అది తెలుసు. తెలిసి కూడా నీ మీద కోపం తగ్గక ఇన్నాళ్లు కలం పట్టలేదు.

నీ ఉత్తరం హాల్లో బావగారు పైకి చదివారు. అత్త కళ్లద్దాలు తెచ్చుకోకుండా ఆయన చేతికిచ్చింది. ఎవరి దగ్గర్నించో పెళ్లి పిలుపు అనుకుంది పాపం. చదవడం అయ్యాక నా వైపు తిరిగింది.

"నేను సామికి పెట్టింది తప్పంటివా?"

"తప్పని కాదత్తా..."

"నా మొగం చూసి చెప్పకపోతివా? ఒకే ఇంట్లో ఉండాము, ఒకే కూర తింటా ఉండాము. నాకు చెప్పేదానికి చిత్తూరు మింద తిరిగి రావాల్నా?"

మెల్లగా నేనే చెప్పుకుంటానని నీకు రాశాను కదా. ఆ మెల్ల ఎప్పటికి పూర్తయ్యేదో నాకే తెలియదు.

అప్పటినుంచి ఆమె షెడ్డుకు రావడం మానేసింది. శుక్రవారం కర్పూరం కూడా కదిరవన్ చేతే వెలిగిస్తున్నారు. ఇంట్లో నాతో మాట్లాడుతుంది, ఉప్పు సరిపోయిందా, నీళ్లు వచ్చాయా, అంతే. బావగారు నాలుగు రోజులు చూసి నాతో అన్నారు: "అమ్మ మనసు సల్లబడాల మరగతం. సామి ముందర పెట్టిన లోహంలోనే కొక్కేలు చేయిస్తా. నువ్వు వద్దంటే ఇప్పుడే చెప్పు. వద్దనేదానికి నీ కాడ ఏముండాది?"

నా దగ్గర ఏముంది? తాడు ముడి కింద చూశానో లేదో తెలియని ఒక మరక. మా ఆయన వైపు చూశాను. ఆయన బనీను మడతపెడుతూ, "అన్న అడిగేది సరిగ్గానే ఉంది కదా" అన్నారు. అదీ నిజమే, అడగడం సరిగ్గానే ఉంది. అత్త తలుపు పక్కన నిలబడి ఉంది. నీ ఉత్తరం ఒకసారి అన్నాక, వద్దు అని ఆమె మొహం మీద రెండోసారి అనలేక, సరే బావా అన్నాను.

అలా అన్న తరవాత ఒకటి మాత్రం పట్టుబట్టాను. గంప లేచేటప్పుడు మెట్టు మీద ఎవరూ నిలబడకూడదు, దూరం నుంచి పొడుగు కర్రతో తిప్పాలి. రోజూ పని మొదలయ్యే ముందు కొక్కెం నేను చూసి సరే అన్నాకే గంప తగిలించాలి. బావగారు వెంటనే ఒప్పుకున్నారు. షెడ్డు తాళంచెవి ఒకటి నా చేతికిచ్చారు. చిన్న తాళంచెవి. చీర కొంగుకు కట్టుకున్నాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. విల్లియనూరు బస్సులో కిటికీలన్నీ మూసేసి, లోపల అందరి ఊపిరీ ఒకటే.

మరగతం

~

చిత్తూరు
24 నవంబరు 2024

మరగతం,

నేను చేసింది తొందరపాటే. ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. నీ 14వ తేదీ ఉత్తరం నాకు 19న అందింది. చదివి పప్పు డబ్బాలో చెవి మిషను పక్కన పెట్టి, ఆ పూట వంట చెయ్యలేదు. ఇంట్లో వాళ్లు జ్వరం అనుకున్నారు. జయమ్మాళ్ గారికి ఇంకో ఉత్తరం, క్షమించమని రాయనా? వద్దులే, నేను రాసేకొద్దీ నీకు చిక్కే.

ఒకటి మాత్రం అర్థమైంది. నువ్వు సరే అన్నది అత్త కోసం. ఆమె అలక తీరేదాకా ఆ కొక్కేనికి కాపలా ఉంటావు. తరవాత? అలకలు తీరతాయి, అమ్మా. సుబ్బరాయలు జనవరి ఆఖరు దాకా ఆగుతానన్నాడు. మేడ మీది గదికి సున్నం వేయించినాను. కిటికీ మామిడిచెట్టు వైపుకు తెరుచుకుంటుంది, గోడకు కాదు.

అంబుజం

~

నటేశన్ నగర్
27 జనవరి 2025

అంబుజం అక్కకు,

ముందు నీకు సంతోషం కలిగించేది చెప్తాను. అత్త అలక తీరింది. ఒక ఉదయం నేను షెడ్డుకు బయల్దేరుతుంటే చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. "నేనూ వస్తా. దినమూ ఏమి చూస్తావో నేనూ చూడల్లా" అంది. దారిలో బస్సులో, ఎవరికో చెప్పినట్టు అంది: "నాకు తెలిసుంటే ముట్టనిస్తానా వాట్ని? ముందే చెప్పాల్సింది గదా." పూజ రోజు నేను చెప్పాల్సిన ఒక్క ముక్క అదే, అక్కా. దానికి చిత్తూరు దాకా పోనక్కర్లేదు. అప్పటినుంచి రోజూ వస్తోంది. స్టూలు వేసుకుని కూర్చుంటుంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని, కొక్కెం వంపు లోపల, మర దగ్గర, గంప చెవి రాసుకునే చోట వేలితో తడిమి చూస్తాను. "ఎట్టుండాది?" అంటుంది. "బాగుంది అత్తా" అంటాను. ఆమె చెంపలు వేసుకుంటుంది. గంప దిగుతుంది.

కదిరవన్‌కు ఇదంతా తమాషా. "అక్కా, ఇంట్లో అన్నను కూడా ఇట్లా దినమూ వెలుతురులో పెట్టి చూస్తారా?" అంటాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పొడుగు కర్రతో తిప్పడం వాడికి నామోషీ. నేను అటు తిరగ్గానే మెట్టు ఎక్కుతాడు. "మీరు చూసినారు గదా, బాగుందన్నారు గదా, ఇంకేం భయం?" అని నన్నే అడుగుతాడు. నా మాట మీదే ఎక్కుతాడు, చూడు. నేను బాగుంది అనకపోతే పని ఆగుతుంది. బాగుంది అంటే వాడు మెట్టెక్కుతాడు.

కొక్కెం నిజంగానే బాగుంది. ఇప్పటిదాకా గుంట లేదు, గీత లేదు. అది నాకు అర్థం కాకుండా ఉంది. ముడి కింద నేను చూసింది ఉత్తి మరకే అయి ఉండొచ్చు. లేదా గుంటలు ఇంకా మొదలుకాలేదేమో. అవి మొదలైతే నెమ్మదిగా వచ్చేవి కావు. కొత్త నికెల్ బిళ్ల ఒకటి మళ్లీ తొట్టిలో కట్టాను. దాన్ని ఎవరూ ముట్టరు. అత్త స్వయంగా దానికి కాపలా ఉంది, ఈగ వాలినా తోలుతుంది. ఎంత కాలం చూస్తే చాలు అని ఆమె కూడా అడిగింది మొన్న. నాకు తెలియదన్నాను. "చదువుకున్నదానివి, నీకే తెలియకపోతే ఎట్ట?" అంది, కోపంగా కాదు.

సుబ్బరాయలు గారికి రాలేనని చెప్పు. ఆ మాట రాయడానికి ఇంతసేపు పట్టింది. తాళంచెవి ఇచ్చేద్దామని ఒకరోజు కొంగు విప్పాను. ఎవరికివ్వాలి? బావగారికి ఏం చూడాలో నేర్పాను, ఆయన దూరం నుంచి చూసి "మెరస్తా ఉండాది" అన్నారు. మా ఆయనకు చెప్తే, "నీ అంత జాగ్రత్త మాకు రాదులే" అన్నారు. పొగడ్తే అది. తాడులా మెడ చుట్టూ పడినట్టుంది.

ఇంకొకటి ఉంది, నీకు కాక ఎవరికీ చెప్పలేనిది. కిందటి వారం వేలికి ఏదో గరుగ్గా తగిలింది. ముందు భయం, ఆ వెనకే ఒక సంతోషం. నిజంగా సంతోషమే అక్కా. గుంట పడింది, నేను అనుకున్నదే నిజం, ఇక కొక్కేలన్నీ తీయించి మామూలు ఇనుము వేయించి, ఎవరైనా సన్నబడ్డం చూసి మార్చుకునేలా చేసి, నేను బయటపడొచ్చు. గుడ్డతో తుడిస్తే పోయింది. ఎండిన పసుపు. అత్త పెట్టిన బొట్టు జారి ఎండింది. కదిరవన్ అప్పుడు మెట్టు మీద ఉన్నాడు, మెడ మీద ఆ మచ్చతో, నా "బాగుంది" కోసం ఎదురుచూస్తూ. అన్నాను.

నువ్వు మొదటి ఉత్తరంలోనే అన్నావు, నేను అడిగింది కొక్కెం గురించి కాదని. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కూడా నువ్వన్నది సరి అని రాయలేను. ఆ కొక్కెం ఆగుతుందో లేదో నాకు తెలియదు. నేను ఇక్కడ ఉన్నది దాన్ని చూసేవాళ్లు లేకనా, లేక చూడ్డానికి ఒకటి ఉంటే వెళ్లక్కర్లేదనా, అదీ తెలియదు. రేపు ఉదయం వేలు పెట్టినప్పుడు నున్నగా తగలాలని కోరుకుంటున్నానో, గరుగ్గా తగలాలని కోరుకుంటున్నానో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ మరగతం